లష్కర్ సికింద్రాబాద్: పాలకులు, రాజకీయాలు (1798–1948)

హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన, నిజాం నేల మీద ఈస్టిండియా కంపెనీ సైన్యం కోసం వెలసిన ఊరు సికింద్రాబాద్. జంట నగరాల జనానికి ఇది నేటికీ లష్కర్. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి గుడిలో జరిగేవి లష్కర్ బోనాలు. నూట యాభై ఏళ్ళ పాటు ఇక్కడ భూమి నిజాందిగా ఉంది, సైన్యం ఇంగ్లీషువారిదిగా ఉంది, ఉత్తర్వులు నిజాం కొలువులోని కంపెనీ ప్రతినిధి, అంటే రెసిడెంటు, పేర వెలువడ్డాయి. ఈ ఊరిని ఎవరూ యుద్ధంలో గెలవలేదు, ఎవరూ ఎవరికీ రాసివ్వలేదు. సైన్యానికి జీతం ఎవరు చెల్లించాలి, ఏ తాలూకాల శిస్తులోంచి చెల్లించాలి అన్న ఒక్క తగవు చుట్టూ ఇక్కడి రాజకీయమంతా తిరిగింది. ఆ తగవులో ఉత్తర సర్కారుల మీద రావలసిన పేష్కష్ (కప్పం) పోయింది, రాయలసీమ పోయింది, బీరారు పోయింది. ఆ సైన్యం తిండికీ బట్టకూ పుట్టిన బజార్లలో ఒకటి రైల్వే స్టేషను పక్కనున్న రెజిమెంటల్ బజార్.

ఖర్దా నుంచి 1798 దాకా

1766లోనే నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కారులను కంపెనీకి అప్పగించాడు. బదులుగా కంపెనీ ఏటా పేష్కష్ కట్టాలి, అవసరమైతే సైన్యంతో సాయపడాలి. ఆ సాయం ఎంత గట్టిదో 1795 మార్చిలో ఖర్దా దగ్గర తేలిపోయింది. మరాఠాలు నిజాం మీదికి వచ్చినప్పుడు గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ తటస్థంగా ఉండిపోయాడు. నిజాం ఓడిపోయాడు, ప్రధాని అరిస్తు జాహ్ పుణెలో బందీ అయ్యాడు. నమ్ముకున్నవారు చేయిచ్చారన్న కోపంతో నిజాం అలీ ఫ్రెంచి సేనాని మిషెల్ రేమండ్ దళాన్ని పెంచాడు. పద్నాలుగు వేల మంది దాకా పెరిగిన ఆ దళం హైదరాబాదులో కంపెనీకి కంట్లో నలుసైంది. మూసారాంబాగ్ పేరు రేమండ్ మీదుగా వచ్చిందే. అతని సమాధి నేటికీ మలక్‌పేట దాపున గుట్ట మీద ఉంది.

రేమండ్ 1798 మార్చి 25న చనిపోయాడు. ఆ ఏడాది సెప్టెంబరు 1న నిజాం అలీ సైన్య సహకార ఒప్పందం మీద సంతకం చేశాడు. ఆరు వేల మంది కంపెనీ సిపాయిలు శాశ్వతంగా హైదరాబాదు దగ్గర ఉంటారు, వారి ఖర్చుకు నిజాం ఏటా 24,17,100 రూపాయలు చెల్లిస్తాడు, ఫ్రెంచి దళాన్ని రద్దు చేస్తాడు. అక్టోబరు 22న కంపెనీ బలగాలు ఫ్రెంచి శిబిరాన్ని చుట్టుముట్టాయి. లోపల జీతాల బకాయిల కోసం సిపాయిలు అప్పటికే తమ అధికారుల మీద తిరగబడి ఉన్నారు. తుపాకీ పేలకుండానే ఆయుధాలు దించేశారు. గవర్నర్ జనరల్ వెలెస్లీ తెచ్చిన సైన్య సహకార పద్ధతిలో చేరిన మొదటి పెద్ద సంస్థానం హైదరాబాదే.

ఈ ఒప్పందం ఒక సంస్థానానికి రక్షణ ఇచ్చింది, దాని చేతిలోని కత్తిని తీసుకుంది. బయటి శత్రువు భయం పోయిన మాట నిజమే. కానీ తన సొంత రాజధానికి కూతవేటు దూరంలో, తన డబ్బుతో బతుకుతూ, తన మాట వినని సైన్యాన్ని పెట్టుకున్న రాజుకు మిగిలే అధికారం ఎంత? అటుపై వచ్చిన ప్రతి నిజాం ఈ ప్రశ్నతోనే గద్దె ఎక్కాడు.

జీతానికి బదులు నేల

నగదు రెండేళ్ళే నడిచింది. 1800 అక్టోబరు 12న కొత్త ఒప్పందం కుదిరింది. సైన్యం ఎనిమిది పటాలాల పదాతికీ రెండు రెజిమెంట్ల గుర్రపు దళానికీ పెరిగింది. ఖర్చు కింద, 1792లోనూ 1799లోనూ టిప్పు రాజ్యంలోంచి తన వాటాగా వచ్చిన ప్రాంతాలను నిజాం శాశ్వతంగా కంపెనీకి వదిలేశాడు. తుంగభద్రకు దక్షిణాన ఉన్న ఆదోని వంటి భాగాలు కూడా వాటితో పాటే పోయాయి. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు సీమలు ఇలా దత్త మండలాలయ్యాయి. వాటికి మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభలో చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అన్న పేరు వచ్చేదాకా అవి దత్త మండలాలే. సికింద్రాబాద్ దండు జీతపు చిట్టా విప్పకుండా రాయలసీమ చరిత్ర మొదటి పుట రాయలేం.

సైన్యాన్ని పోషించలేని పాలకుడు ఆ సైన్యానికే నేల అప్పగించడం చరిత్రలో కొత్త కాదు. మొదటి క్రూసేడు తర్వాత తూర్పు మధ్యధరా తీరాన ఏర్పడ్డ రాజ్యాలది ఇదే కథ. ట్రిపోలీ ప్రభువు రెండో రేమండ్ తన సరిహద్దు కాపాడుకోలేక 1142 ప్రాంతంలో క్రాక్ దె షెవాలియే కోటను హాస్పిటలర్ యోధ సన్యాసులకు ఇచ్చేశాడు. ఆపైన వాళ్ళు తమ యుద్ధాలూ తమ సంధులూ తామే చేసుకున్నారు. వెనిస్ నౌకా సాయానికి ప్రతిఫలంగా జెరూసలేం రాజ్యం 1123లో ఆ వర్తకులకు సొంత వీధులనూ సొంత న్యాయస్థానాలనూ ఒప్పుకుంది. ఏకర్ రేవులో వెనిస్, జెనోవా, పీసా పేటలు రాజుకు అందని పేటలుగా నడిచాయి. పదమూడో శతాబ్దం నడుమ ఆ పేటల మధ్యే యుద్ధం వచ్చింది. 1291లో ఏకర్ పడిపోయేనాటికి రాజు పేరుకు మిగిలాడు. హైదరాబాదులో మతయుద్ధం లేదు, కోట పోరు లేదు. నేలనూ తీర్పునూ విడివిడిగా కోల్పోయిన తీరు మాత్రం రెండుచోట్లా ఒక్కటే.

పేరు, బజారు

మొదట ఈ విడిదిని హుస్సేన్ సాగర్ దండుగానే పిలిచారు. 1803లో గద్దెనెక్కిన మూడో నిజాం సికందర్ జాహ్ పేర 1806లో దీనికి సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టిన ఏడాదే దండులో అలజడి రేగింది. కొత్త తలపాగాలు పెట్టుకోవాలన్న మద్రాసు సైన్యపు ఉత్తర్వు మీద జులైలో వెల్లూరు సిపాయిలు తిరగబడి తెల్లవారిని చంపారు. ఇక్కడి సిపాయిలూ మద్రాసు సైన్యపువారే, వారిలోనూ అదే మంట. దండు నాయకుడు కర్నల్ మాంట్రెసర్ మద్రాసు నుంచి జవాబు కోసం ఆగకుండా ఆ ఉత్తర్వును తానే రద్దు చేశాడు. ఇక్కడ నెత్తురు చిందలేదంటే ఆ ఒక్క నిర్ణయమే కారణమనాలి.

దండు వెంట బజారు నడిచింది. సికింద్రాబాదుకు వచ్చే సరుకు మీద నిజాం సుంకం మాఫీ చేయడంతో వర్తకులు ఇటు మళ్ళారు. రెజిమెంటల్ బజార్, జనరల్ బజార్ అలా లేచినవే. కంపెనీ సైన్యాల్లో రెజిమెంటు బజారంటే ఇష్టమొచ్చిన ధరకు అమ్ముకునే అంగడి వీధి కాదు. దానిమీద ఒక సైనికాధికారి పెత్తనం ఉండేది, అతని కింద కొత్వాలూ చౌదరీ పనిచేసేవారు. బియ్యం, జొన్న, పప్పు, నెయ్యి, గుర్రాల ఉలవలు ఏ ధరకు అమ్మాలో నిరఖు కట్టేవారు. సారా దుకాణం ఎవరు నడపాలో దండు అధికారే తేల్చేవాడు. రెజిమెంటు కదిలితే దుకాణదారు కూడా మూటాముల్లె సర్దుకుని వెంట నడిచేవాడు. సిపాయికి జీతం ఆలస్యమైతే నెల పొడుగునా అరువు పెట్టినవాడు ఈ దుకాణదారే. నిజాం ఖజానాకూ లండన్ లెక్కలకూ మధ్య నలిగిన జీతాల తగవు చివరికి తాకింది ఇతని ఖాతా పుస్తకాన్నే.

ఈ బజార్లలో ప్రజలు ఎక్కడెక్కడి నుంచో చేరారు. మద్రాసు సైన్యం వెంట తమిళులు, సర్కారుల నుంచీ దత్త మండలాల నుంచీ తెలుగువారు, మార్వాడీ సాహుకార్లు, పార్శీలు వచ్చారు. 1813లో సెయింట్ జాన్స్ చర్చి కట్టారు. అదే ఏడు ఉజ్జయినికి వెళ్ళిన దండు ఉద్యోగి సురిటి అప్పయ్య, ఇక్కడ కలరా తగ్గితే అమ్మవారిని తెచ్చి నిలుపుతానని మొక్కుకున్నాడనీ, 1815లో విగ్రహం ప్రతిష్ఠించాడనీ ప్రతీతి. దండులో పనిచేసిన ఒక సామాన్యుడి మొక్కు ఊరికి ఇంత పెద్ద పండుగనిచ్చింది. రెసిడెంట్లు కట్టిన మేడల కంటే అదే జనంలో నిలిచింది.

రెసిడెంట్లు, చందూలాల్, పామర్

1798 నుంచి 1805 దాకా రెసిడెంటుగా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌ప్యాట్రిక్ రెండు ఒప్పందాలకూ కర్త. ఖైరున్నీసాను పెళ్ళాడి, దక్కనీ రివాజులు నేర్చి, కోఠీలో రెసిడెన్సీ భవనం లేపాడు. ఆ భవనంలో తర్వాత మహిళా కళాశాల నడిచింది. అతని ప్రేమకథ ఎక్కువ మంది చెప్పుకుంటారు. అతను రాయించిన ఒప్పందాల గురించి చెప్పుకోవలసింది ఇంకా ఎక్కువ.

దండును నిజమైన పాలకశక్తిగా మార్చినవాడు 1811 నుంచి 1820 దాకా ఉన్న హెన్రీ రసెల్. ఒప్పందం ప్రకారం వచ్చిన సైన్యం కాక నిజాం సొంత బలగాల్లోంచే ఇంగ్లీషు అధికారుల కింద మరో దళాన్ని తయారుచేశాడు. రసెల్ బ్రిగేడ్ అన్న ఆ దళమే పెరిగి హైదరాబాద్ కంటింజెంట్ అయింది. బొల్లారం దానికి స్థావరం. ఖర్చు ఏటా నలభై లక్షల దాకా పాకింది. ఏ ఒప్పందంలోనూ లేని సైన్యానికి, ఆజ్ఞాపించే అధికారం లేని పాలకుడు జీతం చెల్లించడమన్న వింత అప్పుడు మొదలైంది. సికింద్రాబాద్ చరిత్రలో ఇంతకు మించిన అన్యాయం లేదు.

ఆ జీతం తెచ్చిపెట్టే పని పేష్కారు మహారాజా చందూలాల్‌ది. 1808లో దివాను మీర్ ఆలం పోయాక ఆ పదవి మునీర్-ఉల్-ముల్క్‌కు దక్కినా పగ్గాలు చందూలాల్ చేతికి వచ్చాయి. రెసిడెంటు అండ ఉంది కాబట్టి 1843 దాకా ఆయన్ని ఎవరూ కదల్చలేకపోయారు. ఉర్దూ, ఫార్సీ కవి, కవులను పోషించిన దాత. కంటింజెంటు జీతం మాత్రం ఒక్క నెల ఆపే ధైర్యం చేయలేదు. శిస్తు ముందుగా కట్టినవారికి జిల్లాలు గుత్తకిచ్చాడు, గుత్తేదారులు రైతును పిండారు. అదీ చాలక విలియం పామర్ కంపెనీ దగ్గర అప్పు చేశాడు.

పామర్ కంపెనీ కథ కొంచెం విడమరిచి చెప్పాలి. జనరల్ పామర్‌కూ బీబీ ఫైజ్ బక్ష్‌కూ పుట్టిన విలియం పామర్ నిజాం కొలువులో సైనికాధికారిగా పనిచేసి, తర్వాత రెసిడెన్సీ నీడన వడ్డీ వ్యాపారం పెట్టాడు. స్వదేశీ రాజులకు ఇంగ్లీషువారు అప్పులివ్వరాదని పార్లమెంటు చట్టం ఉంది. 1816లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ఈ కంపెనీకి ఆ చట్టం నుంచి మినహాయింపు ఇచ్చాడు. హేస్టింగ్స్ పెంచుకున్న అమ్మాయిని పెళ్ళాడిన సర్ విలియం రంబోల్డ్ ఈ కంపెనీలో భాగస్థుడు. వడ్డీ నూటికి ఏటా ఇరవై నాలుగు రూపాయల పైమాటే. కంటింజెంటు జీతానికి ఈ కంపెనీ నగదు ఇస్తుంది, బదులుగా జిల్లాల శిస్తు రాయించుకుంటుంది. సైన్యాన్ని పెట్టినవారి చుట్టాలే ఆ సైన్యం జీతానికి అప్పిచ్చి లాభం తిన్నారు.

1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ దీన్ని సహించలేదు. గవర్నర్ జనరల్ ఆగ్రహాన్ని లెక్కచేయక లెక్కలన్నీ తోడి కలకత్తాకూ లండన్‌కూ పంపాడు. జిల్లాల్లో శిస్తు వసూలు మీద ఇంగ్లీషు అధికారులను పర్యవేక్షకులుగా పెట్టాడు. 1823లో నిజాం అప్పు తీర్చడానికి దారి దొరికింది. ఉత్తర సర్కారులకు కంపెనీ ఏటా కట్టాల్సిన ఏడు లక్షల పేష్కష్‌ను శాశ్వతంగా మాఫీ చేసుకుని, బదులుగా కోటీ పదహారు లక్షల పైచిలుకు ఇచ్చారు. అది పామర్ బాకీ కిందికి పోయింది. కొద్దికాలానికే పామర్ కంపెనీ దివాళా తీసింది. మెట్కాఫ్ నిజాయితీపరుడే. అయినా అతని మందు కూడా సంస్థానం మీద ఇంగ్లీషు పట్టును పెంచే మందే. 1829లో గద్దెనెక్కిన నాసిరుద్దౌలా మొదట కోరింది ఆ పర్యవేక్షకులను తీసేయమని. గవర్నర్ జనరల్ బెంటింక్ ఒప్పుకున్నాడు. మళ్ళీ గుత్తలే వచ్చాయి.

బీరారు

చందూలాల్ తప్పుకున్న పదేళ్ళలో కంటింజెంటు బకాయి కంపెనీ లెక్క ప్రకారం నలభై లక్షలు దాటింది. డల్హౌసీ గవర్నర్ జనరల్. 1853లో రెసిడెంటు కర్నల్ లో ఒప్పందపు చిత్తు తెచ్చి నాసిరుద్దౌలా ముందు పెట్టాడు. కంటింజెంటు పోషణకు బీరారు, రాయచూరు అంతర్వేది, ధారాశివ్ కంపెనీ ఆధీనంలోకి రావాలి. నిజాం రోజుల తరబడి కాదన్నాడు. దండు కదలవచ్చన్న హెచ్చరిక దర్బారు దాకా చేరాక మే 21న సంతకం పెట్టాడు. దివాను సిరాజ్-ఉల్-ముల్క్ ఆ వారంలోనే కన్నుమూశాడు. ఆయన సోదరుడి కొడుకు, ఇరవై నాలుగేళ్ళ తురాబ్ అలీ ఖాన్ దివాను అయ్యాడు. అతనే సాలార్ జంగ్. మరో ముప్ఫై ఏళ్ళు, 1883లో పోయేదాకా, బీరారును వెనక్కి తెచ్చుకోవడమే అతని పట్టుదల. 1876లో లండన్ దాకా వెళ్ళినా పని కాలేదు.

దండు లోపలా అంతా సవ్యంగా లేదు. 1855 సెప్టెంబరులో బ్రిగేడియర్ కాలిన్ మెకంజీ బొల్లారంలో ముహర్రం ఊరేగింపును ఆపబోతే కంటింజెంటు రౌతులు అతన్ని కత్తులతో నరికారు. చావు తప్పింది. 1857 జులై 17న రోహిల్లా నాయకుడు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్ జనంతో వెళ్ళి కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేశారు. రెసిడెంటు డేవిడ్సన్‌కు సాలార్ జంగ్ ముందే కబురు పంపాడు. ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. దాడి ఒక్క రాత్రిలో విఫలమైంది. తుర్రేబాజ్ ఖాన్ తర్వాత తూప్రాన్ దగ్గర హతుడయ్యాడు, అలాఉద్దీన్ అండమాన్‌లో చనిపోయాడు. సాలార్ జంగ్ చేసిన సాయానికి ప్రతిఫలంగా 1860లో రాయచూరు అంతర్వేదీ ధారాశివ్ తిరిగొచ్చాయి, యాభై లక్షల అప్పు రద్దయింది, సురపురం సంస్థానం దక్కింది. బీరారు రాలేదు.

తీర్పు ఎవరిది

భూమి నిజాందే అని ఇంగ్లీషువారు ఎన్నడూ కాదనలేదు. కానీ సికింద్రాబాదులో దొంగతనం జరిగితే కంటోన్మెంటు మేజిస్ట్రేటు విచారించేవాడు, పై తీర్పు రెసిడెంటుది. నిజాం కొత్వాలు హుస్సేన్ సాగర్ కట్ట దాటి వచ్చి ఇక్కడ ఎవరినీ పట్టుకోలేడు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం సొమ్ముతో రైలు వచ్చింది. స్టేషను రెజిమెంటల్ బజారును ఆనుకుని లేచింది. పట్టాల వెంబడి నేల మీద కూడా న్యాయాధికారం ఇంగ్లీషువారికే దక్కింది.

దీనికి ఒకసారి గట్టి దెబ్బ తగిలింది. సిమ్లా మేజిస్ట్రేటు వారంటు మీద నిజాం ప్రజ ముహమ్మద్ యూసుఫుద్దీన్‌ను సంస్థానంలోని రైల్వే స్టేషనులో అరెస్టు చేశారు. కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. రైల్వే నేల మీద నిజాం ఇచ్చింది రైల్వే పనికి సంబంధించిన అధికారమే, ఎక్కడో జరిగిన నేరానికి అక్కడ మనిషిని పట్టుకునే అధికారం ఇవ్వలేదని 1897లో తీర్పు వచ్చింది. దండు నూరేళ్ళ చరిత్రలో ఇంగ్లీషు న్యాయస్థానమే నిజాం సార్వభౌమత్వానికి గీత గీసి చూపిన అరుదైన ఘట్టం ఇది.

1902 నవంబరులో వైస్రాయి కర్జన్, నిజాం మహబూబ్ అలీ ఖాన్‌తో మాట్లాడి బీరారును ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలుగా రాయించుకున్నాడు. మరుసటి ఏడు కంటింజెంటును భారత సైన్యంలో కలిపేశారు. ఏ దళం జీతానికి బీరారు తాకట్టు పెట్టారో ఆ దళమే లేకుండా పోయింది, తాకట్టు మాత్రం మిగిలింది. 1936లో నిజాం వారసుడికి బీరారు యువరాజు బిరుదు దక్కింది. అంతే.

తిరుగు అప్పగింత

1933లో కోఠీ చుట్టుపక్కల రెసిడెన్సీ బజార్లు నిజాంకు తిరిగొచ్చాయి. 1945లో సికింద్రాబాదులో పౌరులుండే భాగాల పాలన కూడా వెనక్కి ఇచ్చారు, సైనిక ప్రాంతం మటుకు ఆగింది. 1947 నవంబరు 29న నిజాంకూ భారత ప్రభుత్వానికీ మధ్య యథాతథ ఒప్పందం కుదిరాక సికింద్రాబాదులో ఉన్న భారత సైన్యం ఖాళీ చేసింది. ఏజెంట్ జనరల్‌గా వచ్చిన కె.ఎం. మున్షీ బొల్లారంలో మకాం పెట్టాడు. పోయిన సైన్యం 1948 సెప్టెంబరులో తిరిగి వచ్చింది, 18న నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ జనరల్ చౌదరికి లొంగిపోయాడు. 1860లో కట్టిన బొల్లారం రెసిడెన్సీ భవనం రాష్ట్రపతి నిలయమైంది. 1950లో సికింద్రాబాదుకు విడిగా నగరపాలక సంస్థ ఏర్పడి, 1960లో హైదరాబాదులో కలిసింది. సైనిక ప్రాంతం నేటికీ రక్షణ శాఖ కింద కంటోన్మెంటు బోర్డు పాలనలో ఉంది, రెజిమెంటల్ బజార్ మాత్రం నగరపాలక సంస్థ పరిధిలో ఉంది.

1800 ఒప్పందం తుంగభద్రనూ, అది కృష్ణలో కలిసిన తర్వాత కృష్ణనూ సరిహద్దుగా పెట్టింది. 1956 నవంబరు 1న రెండు ఒడ్లూ ఆంధ్రప్రదేశ్‌గా ఒక్కటయ్యాయి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డప్పుడు అలంపురం ఒక రాష్ట్రంలో, కర్నూలు మరో రాష్ట్రంలో ఉన్నాయి. తెలంగాణకూ రాయలసీమకూ మధ్య నేడున్న హద్దు సికింద్రాబాద్ దండు జీతానికి గీసిన గీతే.